ఏడో ప్రశ్న

వంటింటి బల్ల దగ్గర అమ్మ, పదిహేనేళ్ళ కొడుకు. తన పరిశోధన కోసం రేపు ఒక స్కూల్లో పిల్లల చేత నింపించాల్సిన ప్రశ్నల కాయితాన్ని ఆవిడ ముందుగా కొడుక్కిచ్చి చూస్తోంది.

"కాలు ఊపకు, బల్ల కదులుతోంది. ఆరో ప్రశ్న."

"మొత్తం ఎన్నున్నాయమ్మా?"

"ఇరవై. ఇప్పుడు నేను అమ్మని కాదన్నానా?"

"సరే మేడమ్. ఎన్నున్నాయి మేడమ్?"

"వెటకారం చాలు. రేపు నలభైమందికి ఇవ్వాలిది. ఎక్కడ అర్థం కాకపోయినా ఇవాళే తెలియాలి నాకు. విను. ‘ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది.’ ఒకటంటే అస్సలు లేదు, ఐదంటే చాలా."

"ఎవరైనా అంటే? బస్సులో ముక్కూమొహం తెలియనివాడా, ఇంట్లోవాళ్ళా?"

"అది... అది విడదీసి రాయలేదు. నీకు తోచింది వెయ్యి."

"మూడు."

"అన్నిటికీ మూడేనా? కాస్త ఆలోచించరా."

"ఆలోచిస్తే టైమైపోతోందంటావు. ఏడోది చదువు."

"‘గత నెల రోజుల్లో నన్ను ఎవరైనా ఆప్యాయంగా తాకినది ఎన్నిసార్లు?’ దీనికి అంకె వెయ్యాలి."

"రెండు."

"రెండా? ఎవరు?"

"ఆ ప్రశ్న కాయితంలో లేదుగా."

"లేదు. నేనడుగుతున్నా."

"మేడమ్ అడుగుతోందా, అమ్మ అడుగుతోందా?"

"ఎవరో ఒకరు. అమ్మాయా? నేనేం అనన్లే, చెప్పు."

"అమ్మాయీ లేదు, ఏమీ లేదు. ఎనిమిదోది చదువు."

"ఆగు. మరెవరు? ఇంట్లో ఉన్నది మనిద్దరమే. నేనేమో..."

"నువ్వేమో?"

"నీకు పడదని నేనే దూరంగా ఉంటున్నా. స్కూలు గేటు దగ్గర నా చెయ్యి విదిలించేశావ్, గుర్తుందా? రెండేళ్ళయింది. ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో. ఈ వయసు పిల్లలందరూ ఇంతేనా, మావాడొక్కడేనా అని అప్పుడే మొదలుపెట్టా ఈ పని."

"ఈ కాయితం నా వల్లా?"

"నీ వల్లే."

"అమ్మా, ఆ రోజు నా వెనకాల మా క్లాసంతా ఉంది. గేటు దగ్గర వద్దన్నాను. ఇంట్లో వద్దన్నానా?"

"మాట మార్చకు. ఆ రెండుసార్లు ఎవరు?"

"మారుస్తోంది నువ్వు."

"చెప్పు నాన్నా. నాకు భయమేస్తోంది."

"భయపడేంత ఏం లేదు. నవ్వకూడదు మరి."

"నవ్వను."

"ఒట్టు?"

"ఒట్టు. చెప్పరా బాబూ."

"నెలకి రెండుసార్లు కటింగేంట్రా, ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయి అని తిడతావ్ కదా నన్ను."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"కటింగయ్యాక సెలూన్ తాత మెడ మీద దులిపి, ‘అయిపోయింది, ఇంక ఇంటికెళ్ళు నాన్నా’ అని తల నిమురుతాడు."