నా ఎత్వం, ఆయన గుడి

సున్నా పెట్టడం మీ ఇష్టం టీచరుగారూ. పక్కన ‘ఊహించి రాయకు’ అని ఎందుకు రాశారు? మా పిల్ల ఊహించలేదు. నన్నడిగి రాసింది.

కూర్చోమంటారా? ఇది పిల్లల బెంచీ, నా మోకాళ్ళు పట్టవు. ఉండనివ్వండి, నిలబడితేనే నాకు మాట సాగుతుంది.

‘రెండు పొయ్యిలు’ పాఠమే కదా. ఇల్లు పంచుకున్న తోటికోడళ్ళు. చివర్లో పెద్దావిడ చిన్నావిడ గడప దగ్గర నిలబడి చూస్తుంది, ‘ఆమె కళ్ళలో చెలిమి ఊరింది’. ఆ వాక్యానికి అర్థం రాయమన్నారు. మా పిల్ల ‘ఏడుపు వచ్చింది’ అని రాసింది. మీరు అడ్డంగా కొట్టేశారు.

గైడులో ఏముందో నాకూ తెలుసు లెండి. ‘పగ మరచిన ఆమె మనసులో స్నేహం చిగురించింది.’ చెలిమంటే స్నేహమే, కాదన్నానా?

కానీ అది చెలిమి కాదండీ. చెలిమె. ఎండిన ఏటి ఇసుకలో చేత్తో తోడితే అడుగున మెల్లగా నీరు ఊరుతుందే, ఆ గుంట. స్నేహం ఎక్కడైనా ఊరుతుందా? ఆవిడ ఏమీ మరచిపోలేదు. క్షమించనూ లేదు. కోపంతో మాట పెగలక కళ్ళలో నీళ్ళూరాయి, అంతే.

అచ్చుతప్పా? పాపం అచ్చువాళ్ళనెందుకు ఆడిపోసుకోవడం.

నాకెలా తెలుసంటారా. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి. పిల్ల వరండాలో ఉంది.

పాఠం పైన పేరున్నాయన మా బావగారు. మా ఆయనకి అన్న. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. నేను బడి మొహం ఎక్కువ చూడలేదు, ఆయన బీరువాలో పుస్తకాలే నా బడి. వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడుతుంటే కూడా వదలకుండా చదివాను. ఆ చదువు తలకెక్కి ఓ కథ రాసి, ఎలా ఉందో చూడండని ఆయన చేతికే ఇచ్చాను. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

నా ఎత్వం వంకరగా పడుతుందండీ. ‘మె’ రాస్తే ‘మి’లా ఉంటుంది. చూసి రాసుకున్నాయన గుడి పెట్టి ‘మి’ అనే రాసుకున్నారు. నన్నడిగితే చెప్పేదాన్నిగా. అడగడానికి మొహముండాలిగా.

నేను మాత్రం అడిగాను. అచ్చయిన రోజునే అడిగాను. నా నోరు మీకు తెలియదు, వీధి చివరిదాకా వినబడుతుంది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, ఎంతో మెత్తగా అన్నారు, “మనింట్లో ఎవరి పేరైతేనేం అమ్మాయ్? నీ పేరుతో పంపితే కవరైనా విప్పుతారా?”

మా ఆయనా? ఆ పూట కూర బాగుందన్నారు.

తర్వాత అది పాఠమైంది. సన్మానసభలో ఎవరో లేచి, ‘చెలిమి ఊరింది’ అన్నారే, ఏం ప్రయోగమండీ అని మెచ్చుకున్నారు. అది తనకెలా తట్టిందో మా బావగారు తీరిగ్గా వివరించారు. నేను ముందు వరసలోనే ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను. పక్కన మా పిల్ల నా చేతులకేసి చూస్తోంది మరి.

దానికా? దానికేమని చెప్పను? పెదనాన్నంటే ప్రాణం. పలక మీద దానికి అక్షరాలు దిద్దించింది ఆయనే. నిన్న ఈ కాగితం నా ముందు పెట్టి ఏమందో తెలుసా? “నీకు కోపమెక్కువ కదమ్మా, అందుకే నీకు ఏడుపులా అనిపించింది. పెదనాన్ననే అడగాల్సింది.”

వద్దు వద్దు, ఆయన్ని పిలిపించకండి. వస్తారు, మీకూ మెత్తగానే చెబుతారు. మీరు లేచి నిలబడి నమస్కారం పెడతారు. మీ తప్పని కాదు, అందరూ పెడతారు.

మార్కు వెయ్యలేరని తెలుసు. రేపు పెద్ద పరీక్ష దిద్దేవాళ్ళకీ గైడే దిక్కు. అందుకే పొద్దున పిల్లకి నేనే చెప్పాను, గైడులో ఉన్నదే రాయవే అని. జడ వేస్తూ అప్పజెప్పించుకున్నాను కూడా. పగ మరచిన ఆమె మనసులో స్నేహం చిగురించింది. ఎక్కడా తడబడలేదు, బంగారుతల్లి.

ఇంకెందుకొచ్చానా? ఏమో. ఒక్కరికైనా చెబుదామనిపించింది.

సంతకమా? ఎక్కడ, ఈ సున్నా కిందనా? కలం ఇటివ్వండి.

పొడి అక్షరాలు వద్దు లెండి, పూర్తి పేరే రాస్తాను. ఆ కథ కింద నా పేరు పడడం ఇదే మొదలు.

నా పేరులో ఒక ఎత్వం ఉంది. సరిగ్గా పడిందేమో, కాస్త చూసి చెప్పండి.