గేటు ముందు ఎర్ర చుక్కలు

మైనర్‌ని కాబట్టి నా పేరు రాయక్కర్లేదన్నారు. ఇంట్లో పిచ్చుక అంటారు. వయసు పదిహేను. టెన్త్ చదువుతున్నాను. తెలుగు మాట్లాడతాను గానీ రాయడం సరిగ్గా రాదు, అందుకని పోలీస్ మేడమ్ రాస్తున్నారు. అమ్మ బయట బెంచీ మీద ఉంది. తలుపు వేస్తేనే చెప్తానన్నాను. వేశారు.

మా గేటు ముందున్న ఎర్ర చుక్కలు రక్తం కాదు. పక్కింటి ఆంటీ రక్తం అనుకుని మీకు ఫోన్ చేశారు. అది తాతయ్య కారు గేర్ ఆయిల్, ఎర్రగానే ఉంటుంది. ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుంది, కాస్త మాడు వాసన వస్తుంది. కావాలంటే చూసుకోండి. రక్తం కాదు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. మాతోనే ఉంటారు. ఆ కారు ఆయన వయసులో ఉన్నప్పుడు కొన్నది. క్లచ్ ఉండదు, గేర్లు దానంతట అవే పడతాయి. ఆ గేర్ ఆయిల్ చల్లారడానికి సన్న పైపులో రేడియేటర్ దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. పైపు తుప్పు పట్టింది. జాయింట్ దగ్గర కారుతుంది. అలాంటి పైపు ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు. తాతయ్య కారు కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే మరక చూసి, "నీ ఫ్రెండుకి మళ్ళీ ముక్కు కారిందే పిచ్చుకా" అనేవారు. నేను గరాటు పట్టుకునేదాన్ని. ఆయన పోసేవారు.

ఆయిల్ తగ్గితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. ఎత్తు మీదైతే వెనక్కి జారుతుంది. తాతయ్య కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. బ్రేక్ గట్టిగా తొక్కలేరు. డాక్టర్ నడపొద్దన్నారు.

నిన్న భోజనాల దగ్గర అమ్మ చెప్పింది, పాత ఇనుము అతను ఇవాళ వచ్చి కారు తీసుకెళ్తాడని. "ఆ డొక్కుతో నువ్వు ఏ గోడనో గుద్దేదాకా ఆగమంటావా నాన్నా?" అంది. తాతయ్య "సరేనమ్మా, నీ ఇష్టం" అన్నారు. ఆయన అంత తొందరగా సరే అనరు. నేను ప్లేట్లు కడుగుతుంటే పక్కకొచ్చి, కారు ఎక్కడ దాస్తారో చెప్పారు. "అమ్మకి చెప్పావో, నీకూ నాకూ కటీఫ్" అన్నారు. ఒట్టు వేయించుకున్నారు.

నాకు భయమేసింది. ఆయిల్ డబ్బా తీసి నా స్కూల్ బ్యాగులో పెట్టుకున్నాను. ఆయిల్ లేకపోతే ఆయన బండి తీయరు అనుకున్నాను.

ఇవాళ ఏడింటికి నేను స్కూల్‌కి బయల్దేరుతుంటే పిలిచారు.

"డబ్బా ఏదే?"

"తెలీదు తాతయ్యా."

"నిన్న ఇక్కడే ఉందిగా."

"తెలీదు తాతయ్యా."

అట్టముక్క మీద మరక చూశారు. "పోనీలే. నిన్న పోశాంగా, అక్కడిదాకా వస్తాడు వీడు" అన్నారు. బ్యాగు నా భుజానికే ఉంది.

ఆయన కారు తీసుకుని వెళ్ళిపోయారు. నేను స్కూల్‌కి వెళ్ళలేదు. చుక్కలు చూసుకుంటూ నడిచాను. మొదట దూరం దూరంగా ఉన్నాయి. పెట్రోల్ బంకు దాటాక దగ్గర దగ్గరగా ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినట్టున్నారు, అరచేయంత మరక ఉంది. హాస్పిటల్‌కి వెళ్ళుంటారని అమ్మ అంటోంది. హాస్పిటల్ కుడివైపు. చుక్కలు ఎడమకి తిరిగాయి.

వెనక్కి వచ్చేసరికి మీ జీపు మా ఇంటి ముందుంది. మీరు అడిగితే తెలీదన్నాను. అమ్మ అడిగినా తెలీదనే చెప్పాను.

తాతయ్య కొండ మీద టింకరింగ్ తాత షెడ్డుకి వెళ్తున్నారు. ఇద్దరూ చిన్నప్పటి ఫ్రెండ్స్. కొండ ఎక్కుతుంటే ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది, ఇంకా కారుతుంది. ఆయన ఫోన్ ఇంట్లోనే ఉంది.

డబ్బా ఇదిగో, టేబుల్ మీద పెట్టాను. తీసుకెళ్ళండి. బండి చదునుగా ఉన్నచోట, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ కొలిచే గేజ్ కడ్డీ తీసి చూడాలి. ఆపేసి చూస్తే నిండా ఉన్నట్టే కనిపిస్తుంది. తాతయ్యకి తెలుసు. గరాటు మాత్రం ఎవరైనా పట్టుకోవాలి, ఆయన చెయ్యి వణుకుతుంది. నేనూ వస్తానని అడిగాను. మేడమ్ రమ్మన్నారు. అమ్మకి నేనే చెప్తాను.

మేడమ్ ఇదంతా చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు. నేను తెలీదు అన్న చోట్లు తప్ప, మిగతాదంతా నిజం.

(సంతకం, ఇంగ్లీషులో)