మార్కులేసే యంత్రానికి పగ్గం

బీలెఫెల్డ్ బిస్కెట్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో, కార్మిక మండలి సభ్యురాలు గుడ్రున్ యాజమాన్యంతో మీటింగు ముగించుకుని, ప్యాకింగులో తన పక్కనే పనిచేసే హైకో ఎదుట పప్పుసూపు గిన్నెతో కూర్చుంది.

"ఏమైందే? మన పనికి మార్కులేసే ఆ కంప్యూటర్ మన నెత్తినెక్కుతుందా? పరీక్షగా నడిపిన వారంలోనే, నడుంనొప్పితో నెమ్మదించానని నాకు సున్నా వేసింది. ఉద్యోగం ఊడేట్టుంది."

"ముందు నన్ను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకో."

"తిట్టనా మరి! అది అమ్మిన కంపెనీ రెండు రోజుల శిక్షణ ఇస్తానంది. సముద్రం పక్కన హోటలు, ఆవిరిస్నానం! అది వదిలి, ఏఐ చట్టాల మీద యూనియన్ వాళ్ళ పది రోజుల చదువుకెళ్ళావు. ఆవిరి పోయి ఆవులింతలు మిగిలాయి!"

"ఏ చదువో ఎంచుకునే హక్కు మండలిది, ఫీజు కట్టే భాగ్యం యాజమాన్యానిది. అమ్మేవాడి దగ్గర చదివితే కొనడమే నేర్పుతాడురా. నేను ఆవులిస్తూనే ఆయువుపట్టు నేర్చుకున్నాను."

"ఏమిటది?"

"ఒక్కటే అడిగాను. అది తప్పుగా సున్నా వేస్తే కొట్టేసే అధికారం ఎవరిది, పేరు చెప్పండి అని."

"డైరెక్టర్ ఏమన్నాడు?"

"అమ్మినవాణ్ణి చూశాడు. అమ్మినవాడు సీలింగు చూశాడు. శిక్షణ పొందిన మనిషి కాపలా లేకుండా నడపకూడదని చట్టం పేజీ తీసి ముందు పెట్టాను."

"యంత్రం ఆగిందా?"

"ఆగింది! ఆ కాపలా మనిషి ప్యాకింగు నుంచే ఉండాలని సంతకం కూడా పెట్టించాను."

హైకో చెంచా కింద పెట్టేశాడు. "ఎవరే ఆ మనిషి?"

గుడ్రున్ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీ పేరే రాశాను. నోట్‌బుక్ కొనుక్కో, సోమవారం నుంచి నీకూ ఆ పది రోజుల క్లాసులే."