కేకకి ముందే

టీవీలో పూలకొట్టు ఆవిడ డిటెక్టివు వెనకాలే మేడమెట్లు ఎక్కుతోంది. సోఫాలో పెద్దకోడలు ఊపిరి బిగబట్టింది. పక్కనున్న చిన్నకోడలు గభాల్న సౌండు తగ్గించింది. మరుక్షణమే టీవీలో కేక.

"హంతకుడు డాక్టరే అక్కా!"

"డాక్టరు సంగతి తర్వాత. కేక వస్తుందని నీకెలా తెలిసింది?"

"పాప లేస్తుందని తగ్గించాను."

"పాప వాళ్ళ నాన్నతో బజారుకెళ్ళిందిగా."

చిన్నకోడలు నాలుక కరుచుకుంది.

"అంటే ముందే చూసేశావన్నమాట! ఎవరితో?"

"మధ్యాహ్నం వేసినప్పుడే... ఎదురింటి టైలరమ్మతో."

"ఓహో! నేను ఆఫీసులో చస్తుంటే ఇక్కడ మీ ఇద్దరికీ కాలక్షేపమా? పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఈ సీరియల్ నా పక్కన కూర్చునే చూస్తున్నావు. పాపకి రెండు గౌన్లు కుట్టగానే ఆవిడ నీకు అక్క అయిపోయిందా?"

"అది కాదక్కా. ప్రతిసారీ హంతకుణ్ణి నువ్వే ముందు పట్టేస్తావు. ఇంటిల్లిపాదీ నిన్నే మెచ్చుకుంటారు. నాకు ఒళ్ళు మండదా? ఒక్కసారైనా నీకన్నా ముందు చెబుదామని..."



"మరి ఆ టైలరమ్మ పట్టిందా?"

"ఎక్కడ! చివరిదాకా డిటెక్టివే చంపాడంది."

పెద్దకోడలి మనసు చల్లబడింది.

"అయితే రేపటినుంచి ఆవిణ్ణీ ఇక్కడికే రమ్మను. ఓడిపోవడానికి నీకొక తోడుండొద్దూ?"