రాయికాడ పెండ్లిసూపులు

"అమ్మమ్మా, కాజీపేట టేషన్ల ఆ రాయిని సూశినప్పుడల్లా నవ్వుతవేంది?"

నవ్వకేం జెయ్యాలె బిడ్డా. మీ తాత నన్ను సూసుకున్నది గాడనే గద. ఈ రైలు లైను ఈడికెల్లే షురువైందని గుర్తుకు పాతిన రాయి అది. ఇప్పుడంటే సుట్టూ కమ్మీలు వెట్టి రంగులేశిన్రు గని, అప్పుడు గ్యాంగోళ్లు దాని మీద సద్దిమూటలు వెట్టుకునేటోళ్లు. మా నాయినది గూడ పట్టాల పనే, నీకెర్కే గద.

మీ తాత బొగ్గింజన్ల ఫైర్‌మెన్, పొయ్యిల బొగ్గేశెటోడు. పిల్లను సూడ మా ఊరు హసన్‌పర్తికి వస్తనంటడు, అంతల డూటీ వడ్తది. మా పెద్దమ్మ... సొంత పెద్దమ్మ గాదులే, నాయినకు వదినె వరుస... "సెలవే దొరకనోనికి పిల్లనెట్ల ఇస్తవ్? ములుగు సంబంధం ఖాయం జెయ్యి" అని ఒకటే పోరు. ములుగాయనకు జీపున్నది మరి. నాయినకేమో ఈ పిలగాని మీదనే మనసు. "ఇంజను నీళ్లు వట్టుకునేదాంక కాజీపేటల ఆగుతది. మనమే పోదాం" అన్నడు.

పాసింజరెక్కి పోయినం. రాయికాడ నిలవడ్డం. ఆయన ఇంజను దిగి ఉరికొచ్చిండు. ఏం జెప్పాలె, నెత్తి నుంచి కాళ్లదాంక బొగ్గే. కండ్లు, పండ్లు తప్ప ఏం కనవడుతలేవు. పెద్దమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. నాయినేమో ఏమన్న అడుగు బిడ్డా అంటాండు. ఏమడగాల్నో తెల్వక, "ఈ రాయి మీద ఏం రాశున్నది?" అన్న. అన్ని ఇంగ్లీషు అక్షరాలు.

ఆయన వంగి రాయిని సూశిండు. "నాకు రాదు, అడిగొచ్చి చెప్త" అన్నడు. ఏదో ఒకటి చెప్పినా నాకేం ఎర్క? అయినా చెప్పలే. గార్డు దిక్కు ఉరికిండు. గార్డు డబ్బ బండి ఆ కొసకుంటది గద. ఆయన ఆడ మాట్లాడుతాంటెనే ఇంజను కూతవెట్టింది. డ్రైవరు ఒర్లుతాండు. మల్ల ఉరికొచ్చి, కదులుతున్న ఇంజనెక్కి, కమ్మి వట్టుకొని వంగి, "లైను ఈడికెల్లే మొదలైందట" అని ఒక్కటే ఒర్రుడు. టేషనంత ఇన్నది.

ఇంటికొచ్చినంక పెద్దమ్మ, "మొకమే కనవడలే, ఏం జూశినవే?" అన్నది.

"సూశింది సాలు పెద్దమ్మా. నన్ను ఈయనకే ఇయ్యుండ్రి" అన్న. నాయిన అటు మొకం తిప్పుకొని నవ్విండు.

కొన్ని దినాలకు వాకిట్ల ఎవలో నిలవడ్డడు. తెల్లంగి, దువ్విన తల, మంచిగ ఎర్రగున్నడు. "ఎవలు గావాలె?" అన్న.

"నువ్వే" అన్నడు.

గొంతు ఇని గుర్తువట్టిన బిడ్డా. తలుపు సాటుకు ఉరికిన.

నువ్వు గూడ గట్లనే నవ్వుకుంట బతకాలె తల్లీ, సల్లగుండాలె. అగో, తాత లేశినట్టున్నడు. జర చాయ్ వెట్టుపో, ఆయనకు సక్కెర తక్కువ... సరే, ఇయ్యాల కొంచెం ఎక్కువనే ఎయ్యి...