ఓబులేషు ఐదో బోరు లెక్క

బోర్లకు నీళ్ల పాయింటు చూసే ఓబులేషు నోరు తెరిస్తే, కడప దావలో సుబ్బక్క టీ అంగడి ముందర పోయే ఆటోలు గూడా నిలబడాల్సిందే. ఆ పొద్దు జయరాజ్ ఆటో అట్లనే నిలబడింది. ఓబులేషు ఎదురుగా కాశన్న కూసోనుండాడు. కాశన్న చీనీ తోటలో ఇప్పటికి నాలుగు బోర్లు ఏసినాడు. నాలుగిట్లోనూ దుమ్ము తప్ప చుక్క నీళ్లు లేవు. ఐదోది ఏయాలంటే ఇంటెద్దులు అమ్మాల. మధ్యాన్నం పన్నెండు లోపల ఊ అంటే బోరుబండి వస్తాది, లేదంటే వేరే ఊరికి పోతాది. ఏం చెప్పాలో తోచక కాశన్న ఫోను చేతిలో పట్టుకొని తిప్పుతా ఉన్నాడు.

"టెంకాయ చేతిలో పెట్టుకొని చేలల్లో తిరిగే కాలం పోయిందప్పా" అన్నాడు ఓబులేషు. "నాది స్టాటిస్టిక్సు. కడపలో డిగ్రీ చదివేటప్పుడు పరీక్షలో ఆరు లెక్కలిచ్చి ఏవైనా నాలుగు చెయ్యమంటే, ఎనిమిది చేసొచ్చినా."

"ఇచ్చిందే ఆరు గదప్పా?" అన్నాడు జయరాజ్.

"చాలక రెండు నేనే ఇచ్చుకున్న్యా! నమ్మకపోతే పో, నీ ఆటో నువ్వు తోలుకో. కాశన్నా, నువ్వు ఇను. మంగంపేట దిక్కున ఒక పల్లెలో గిడ్డయ్య అని ఒక రైతు. నీ మాదిరే నాలుగు బోర్లేసి, నాలుగూ పోయి, తలకు చేతులు పెట్టుకొని కూసోనుండాడు. నేను పోయినా. ఏడుస్తావేందిరా, బైనామియల్ లెక్క ఒకటి ఉండాది, ఈ నేలలో సగటున ఐదు బోర్లకు ఒకటి పడతాది, నాలుగు పోయినాయంటే ఐదోది పడక యాడికి పోతాది అని చెప్పి, కాలి బొటనేలితో గీత గీసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"నీళ్లు పడినాయా?" అన్నాడు కాశన్న.

"పడేదేంది, లేచినాయి! బోరుబండిని అట్లనే ఎత్తి తాటిచెట్టంత పైన నిలబెట్టినాయి. డ్రైవరు మూడు దినాలు పైన్నే. సంగటి ముద్దలు బుట్టలో కట్టి తాడుతో పంపినాం."

"ఊరగాయ పంపినారా?" అన్నాడు జయరాజ్.

"పంపినాం, ఎగతాళి చెయ్యాకు! నీళ్లతో పాటు చేపలు గూడా వస్తాండె. అరుదుగా వచ్చేదానికి పాయిసాన్ లెక్క అని వేరే ఉండాది. నిమిషానికి సగటున మూడు చేపలని నేను చెప్తే, గడియారం పెట్టి చూసినారు. మూడంటే మూడే! నాలుగోది మూతి బయటపెట్టి, నన్ను చూసి మల్ల లోపలికి పోయినాది."

"వెయ్యడుగుల లోతులో చేపలు యాడియప్పా?" అన్నాడు జయరాజ్.

"అందుకే గదా అరుదుగా అంటాండేది!" ఓబులేషు బల్ల మీద గుద్దినాడు. "ఇంగ నీళ్లు ఆగలేదు. ఊర్లు మునిగిపోతాయని కలెక్టరాఫీసు నుంచి జీపేసుకొని వచ్చినారు. నార్మల్ వంపు ఉండాది గదా, గుడి గంట మాదిరి, దాన్ని ముగ్గుపిండితో గీసినా. ఈ కొస ఆత్మకూరు, ఆ కొస మంగంపేట, నడిమధ్యన కడప. నీళ్లు గీత దాటితే ఒట్టు! నడిమి ఊర్లకు చెరువులు నిండినాయి, కొసల్లో ఊర్లకు తలా ఒక చెంబు. నల్లమల నుంచి పులి గూడా వచ్చి తన చెంబు తాగి పోయినాది. కాదనేటోన్ని రమ్మను నా ముందరికి!"

జయరాజ్ నవ్వాపుకోలేక టీ పొలమారి దగ్గుతా ఉన్నాడు. కాశన్న మాత్రం నవ్వలేదు. పులి, చేపలు అన్నీ ఎచ్చులేనని అతనికీ తెలుసు. కానీ నాలుగు పోయినాక ఐదోది పడక యాడికి పోతాది అన్న మాట ఒక్కటే చెవిలో గుయ్యిమంటాంది. దాన్ని నమ్మాలని పానం కొట్టుకుంటాంది. బోరుబండి వాని నంబరు తీసినాడు.

"ఆగు కాశన్నా" అనింది సుబ్బక్క, పొయ్యి కాడ నుంచి. పైట దోపుకొని బయటికొచ్చింది.

"ఓబులేషూ, నాకు వరసగా నలుగురు ఆడపిల్లలు పుట్టినప్పుడు, ఇదే బల్ల మీద కూసోని ఏం చెప్పినావు? నాలుగు పోయినాక ఐదోది మగపిల్లోడు కాక యాడికి పోతాడక్కా, లెక్క తప్పదు అన్న్యావా లేదా? మా ఆయన నీ మాట నమ్మి ఊరంతా చక్కెర పంచె. ఇదో, నీ లెక్కలో మగపిల్లోడు. ఇందాక నీకు టీ పోసింది ఈయమ్మే."

గ్లాసులు కడుగుతాండే మహాదేవి తలెత్తింది. కడప కాలేజీలో అదే స్టాటిస్టిక్సు చదువుతాంది.

"నేను పుట్టేటప్పుడు నాకంటే ముందు ఎవరు పుట్టినారో నన్నెవరూ అడగలేదు మామా" అనింది, చేతులు తుడుచుకుంటా. "నేల గూడా అంతే. నాలుగు పోయినాయని రాయికేం తెలుసు? ఐదోదానికి గూడా ఐదింట ఒక వంతే. ఎండిపోయేది నాలుగు వంతులు. నీ సగటు ప్రకారమే, ఐదు బోర్లేసినోళ్లు నూరుమంది ఉంటే, ఒక్కటీ పడనోళ్లు ముప్పై ముగ్గురు ఉంటారు. వాళ్లలో ఒకరి కథ చెప్పు, ఇంటాం."

ఓబులేషు ఖాళీ టీ గ్లాసు ఎత్తి తాగబోయినాడు. కాశన్నకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. తోట పోతాందనే బాధ అట్లనే ఉంది, కానీ ఎద్దులు మిగిలినాయి. ఫోను చెవి కాడ పెట్టి, "వేరే ఊరికి పోప్పా, నాకొద్దు" అన్నాడు.

అప్పటికి ఓబులేషుకు మల్ల ఊపిరొచ్చింది. మీసం దువ్వుతా లేచినాడు.

"ఐదోదాంతోనే నిలిపేసి లెక్క తప్పంటే ఎట్లక్కా? ఆరోది చూసింటే తెలిసేది!"

"ఆ ఆరోది నువ్వు కను పో" అనింది సుబ్బక్క.