తిరుపతమ్మ పొయ్యిలో పెట్టిన పుస్తకం

నాలుగున్నరయింది, ఎండ ఇంకా తగ్గలేదు. కూర్చో పాపా, ఆ మోకాలికి పసుపు పెడతా. ఏమి, ఫోన్లో రికార్డు చేస్తాండావా? చెయ్. యూనివర్సిటీ ధర్నాల చరిత్ర రాయల్లని ఊరంతా అడుగుతాండావు, ఇంట్లో ఉండే అమ్మను అడగనే లేదు. అడిగినా చెప్పేదాన్ని కాదులే. ఈ పొద్దు పోలీసోళ్ళు తోస్తే పడినావని, చెప్తాండా.

నేను చదివేటప్పుడు మా హాస్టల్లో వంట చేసే తిరుపతమ్మని ఉండె. పోయి పన్నెండేండ్లయింది. శానా నోరు. బొరుగుల ఉగ్గాని రెండోసారి అడిగితే, "ఏమ్మే, చదివేదానికొస్తివా, మేసేదానికొస్తివా" అనేది. అంటానే తట్ట నిండా వేసేది. తినేముందర మెస్సు పుస్తకంలో ఎవురి పేరు వాళ్ళు రాసి సంతకం పెట్టల్ల. ఆయమ్మకు చదువు రాదు, పుస్తకాన్ని మాత్రం ఎవుర్నీ దాటిపోనిచ్చేది గాదు. ఒకసారి తొమ్మిది దినాలు నీళ్ళు రాలేదు. బిందెలెత్తుకొని పోయి గేటుకాడ కూర్చుంటిమి, పదకొండుమంది ఆడపిల్లోళ్ళం. పోలీసోళ్ళు బిందెల్నీ కొట్టినారు, మమ్మల్నీ కొట్టినారు. సద్దు బిందెలదే ఎక్కువ. నవ్వాకు. సిద్దమ్మని, పత్తికొండ పక్క పిల్ల, నా రూమే. దానికి తలమీద పడింది. రక్తం రాలేదు. రాలేదని సంతోషపడితిమి.

ఆ సాయంత్రం హాస్టల్లో ఎవురెవురుండారో పేర్లకోసం పోలీసోళ్ళు వస్తాండారని తెలిసి తిరుపతమ్మ ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది. "నాకు మొగాలే తెలుసు సారూ, పేర్లు తెలీవు" అనింది. ఎవురిమీదా కేసు కాలేదు. ఆయమ్మను ఎత్తుకోని తిరిగినంత పని చేస్తిమి.

సిద్దమ్మ తలనొప్పని ఊరికి పోయింది. పదిహేను దినాలకు చచ్చిపాయె. వాళ్ళ నాయన తిమ్మయ్య వచ్చి అడిగితే ఆఫీసులో, "ఆ దినం మీ పిల్ల ఈడ లేనే లేదప్పా, ఉండినట్టు కాగితం చూపించు" అన్నారు. కాగితం యాడిది? తిరుపతమ్మ ఆఫీసు మెట్లమీద కూర్చోని, "గేటుకాడినుంచి వచ్చినాక నేనే వడ్డించినా సారూ, పులుసు రెండుసార్లు పోయించుకునింది" అని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెప్పింది. పులుసు మాట ఎవురు రాసుకుంటారు? మిగతావాళ్ళను ఇండ్లవాళ్ళొచ్చి తోలుకపోయినారు. సాక్ష్యమంటే నేనొక్కదాన్నే. పిలిచినారు. మా నాయన పక్కనే నిలబడె. "ఆ దినం నేనూ లేను, సిద్దమ్మ సంగతి తెలీదు" అని రాసిచ్చి సంతకం పెడితి. అక్షరాలు కూడా బాగా వచ్చినాయి.

తిరుపతమ్మ ఏమనిందా? మరుసటి దినం ఉగ్గాని వేసింది. తిట్టకుండా వేసింది.

ఆ కాగితం ఆఫీసులో భద్రంగా ఉంటాది, పోయి అడుగు. మీ పుస్తకంలో వెయ్యండి. యశోద అని నా పేరుతోనే. కింద అబద్ధమని రాయండి. గేటుకాడ సిద్దమ్మ నా ఎడమ పక్క కూర్చునింది, చేతిలో ఇత్తడి బిందె.

సాలు, ఆపు దాన్ని. పొద్దున మీరు ధర్నాకు పోయింది నలుగురు గదా? నువ్వొచ్చినావు. శివకుమారి వచ్చిందని వాళ్ళమ్మ ఫోన్ చేసింది. చంద్రను వీధిలో నేనే చూస్తి. ముగ్గురు. వీరభద్ర ఫోన్ ఎత్తలేదా? మళ్ళీ చెయ్.